పొద్దున్నే మొరాయించే బండి

(సంఘం సర్వసభ్య సమావేశం సందర్భంగా బేగంపేటలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు డి.ఆర్. గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి, హెల్త్ కార్డుల గురించి మనకు కావలసినవన్నీ వివరంగా చెప్పారు. వాటి తర్వాత మోటారు సైకిలు గురించి మాట్లాడటం కొంత వింతగానే ఉంటుంది. కాని కార్యదర్శిగారు నాకు ఈ అంశమే ఎందుకిచ్చారో నాకు తెలుసు. చలికాలం మొదలయ్యిందంటే చాలు, సభ్యుల దగ్గర్నుంచి ఆయనకూ నాకూ వచ్చే ఫోన్లలో సగం ఇవే. "పొద్దున్నే బండి స్టార్టు కావడం లేదండీ. ఇరవై కిక్కులు కొడితేగాని లేవడం లేదు. పిల్లలేమో అది అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటరు కొనుక్కోమంటున్నారు. ఏం చెయ్యమంటారు?" నా సర్వీసంతా వాహనాల వర్క్‌షాపులో గడిచింది కాబట్టి ఈ ప్రశ్న చివరకు నా దగ్గరికే వస్తుంది.

ఎలక్ట్రిక్ స్కూటరు మీద నాకు కోపమేమీ లేదు. కొనుక్కోగలిగినవారు కొనుక్కోవచ్చు. కాని చెడిపోని బండిని చెడిపోయిందనుకుని అమ్ముకోవడం వేరు. ఆ బండి మీదే మనం బ్యాంకుకు వెళతాం, మార్కెట్టుకు వెళతాం, ఆసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకుంటాం. అది లేకపోతే ప్రతి చిన్న పనికీ కొడుకునో కోడలినో అడగాలి, లేదా ఆటోవాడితో బేరమాడాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. డెబ్బై ఏళ్ల వయసులో పరగడుపున ఇరవై కిక్కులు కొట్టడమంటే మోకాలికీ మంచిది కాదు, గుండెకూ మంచిది కాదు. మంచి స్థితిలో ఉన్న బండి చలికాలంలో కూడా రెండు మూడు కిక్కుల్లో లేవాలి. అయిదు దాటితే ఇక కొట్టకండి, ఆగిపోండి. బండిలో ఏదో లోపం ఉంది, దాన్ని వెతకాలి.

అందరూ చెప్పే కారణం ఒక్కటే, చలి. సరే, ఎంత చలి? మనం పేపర్లో చదివే హైదరాబాదు కనిష్ఠ ఉష్ణోగ్రత మన బేగంపేట వాతావరణ కేంద్రంలో కొలిచినదే. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అది మామూలుగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. కొన్ని రోజులు పది లోపుకు పోతుంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, అది 1946 జనవరిలో. అదే కంపెనీ బళ్లు, అవే కార్బురేటర్లతో, ఢిల్లీలో నాలుగైదు డిగ్రీల చలిలో, సిమ్లాలో సున్నా దగ్గర కూడా లేచి తిరిగాయి. ఇంజనుకు మన 13 డిగ్రీలు చలి లెక్కలోకే రాదు. కాబట్టి 13 డిగ్రీల దగ్గర బండి మొరాయించిందంటే అందులో ముందునుంచే ఒక లోపం దాగి ఉందన్నమాట. వేసవిలో ఆ లోపాన్ని ఇంజను ఎలాగో భరించింది, చలిలో భరించలేకపోయింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. పూర్వం మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు, ఆ పేరుకు అర్థమే చెడుగాలి. 1897 ఆగస్టు 20న ఈ బేగంపేటలోనే, తర్వాత విమానాశ్రయం వచ్చిన చోటుకు దగ్గర్లో ఉన్న భవనంలో, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశారు. గాలిని తిట్టుకోవడం మాని దోమను కోసి చూశారు కనుకనే సంగతి తేలింది. మనం ఇంకా మోటారు సైకిలు విషయంలో గాలినే తిట్టుకుంటున్నాం.

చల్లటి ఇంజనులో ఏమి జరుగుతుందో ముందు చూద్దాం. పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు, ఆవిరైన పెట్రోలే మండుతుంది. వేడెక్కిన ఇంజనులో పెట్రోలు తుంపర వెంటనే ఆవిరవుతుంది. చల్లటి ఇంజనులో సగానికి పైగా ఆవిరి కాకుండా పైపు గోడలకే అంటుకుని ఉండిపోతుంది. మిగిలిన ఆవిరి గాలిలో మరీ పలచనైపోయి ప్లగ్గు నిప్పు వేసినా అంటుకోదు. అందుకని స్టార్టు చేసే ఆ కాసేపు మామూలుకంటె ఎక్కువ పెట్రోలు పంపాలి. చోక్ ఉన్నది అందుకే.

అన్ని చోకులూ ఒకటి కావు. చాలామందికి తెలియనిది ఇదే. హీరో హోండా వంటి బళ్ల కార్బురేటరులో గాలి వచ్చే దారికి అడ్డంగా ఒక పలక ఉంటుంది. చోక్ లాగితే ఆ పలక మూసుకుని గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. యమహా ఆర్.ఎక్స్. 100, తర్వాతి కాలపు బుల్లెట్టు వంటి వాటిలో పలక ఉండదు. పెట్రోలుకు వేరే ఒక సన్నటి దారి ఉంటుంది. చోక్ లివరు ఎత్తితే ఆ దారి తెరుచుకుంటుంది. ఈ రెండో రకం పనిచేయాలంటే ఎక్సిలేటరు పూర్తిగా మూసి ఉండాలి. కిక్కు కొడుతూ కొడుతూ రేస్ ఇచ్చామో, లోపలి పీడనం మారిపోయి ఆ సన్నటి దారిలోంచి పెట్రోలు రాదు. మనవాళ్లలో చాలామందికి కుడి చేత్తో రేస్ తిప్పుతూ కుడికాలితో కిక్కు కొట్టే అలవాటు. ఆ అలవాటుతో వారు తమ చోకును తామే పనిచేయనివ్వడం లేదు. చెయ్యి హ్యాండిలు మీద ఊరికే పెట్టి కొట్టి చూడండి. కొందరి సమస్య ఇంతటితోనే తీరిపోతుంది.

పాత జావా, యెజ్డి బళ్లున్నవారు ఇంకా ఒకరిద్దరు మనలో ఉన్నారు. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, బళ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వాటి కార్బురేటరు మీద చిన్న బటను ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలి ఫ్లోటు కిందికి దిగి పెట్రోలు మట్టం పెరుగుతుంది. పెట్రోలు చెమ్మ బయటకు కనిపించగానే వదిలేయాలి. అదే పనిగా నొక్కితే కిందికి కారి ఇంజను ముంచుతుంది. బజాజ్ స్కూటరును పక్కకు వంచి స్టార్టు చెయ్యడం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. పిల్లలకు అది నవ్వులాటగా ఉండేది గాని, చేసే పని ఇంచుమించు ఇదే. మన హైదరాబాదులో తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటరు ఉన్నవారికి ఈ వంచే విద్య ఇంకా బాగా తెలుసు!

బుల్లెట్టు సంగతి వేరే చెప్పాలి, మోకాళ్లకు అసలు ప్రమాదం దానితోనే. దాని హెడ్‌లైటు దగ్గర అమ్మీటరు ఉంటుంది. తాళం వేసి, కిక్కును నెమ్మదిగా నొక్కుకుంటూ పోతే ఒక చోట గట్టిగా తగులుతుంది. అక్కడ ఎడమ చేతి డీకంప్రెషన్ లివరు పట్టుకుని కిక్కును కొద్దికొద్దిగా కిందికి దించాలి. అమ్మీటరు ముల్లు మధ్యకు రాగానే ఆపి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటే నిండు కిక్కు కొట్టాలి. రేస్ ఇవ్వకూడదు. ఈ పద్ధతికి బలం అక్కరలేదు, ఓపిక కావాలి. ఇలా చేసినా కిక్కు ఎదురు తన్నుతుంటే టైమింగు ముందుకు జరిగిందని అర్థం. అది సరిచేయించేదాకా ఆ బండి కిక్కు కొట్టవద్దు. ఎదురు తన్నే కిక్కుకు మడమ ఎముక విరిగినవారున్నారు.

ఇక ఈ మధ్య మారిన ఒక పెద్ద విషయానికి వస్తాను. "నా బండి పదేళ్లు బ్రహ్మాండంగా నడిచింది, ఈ రెండు మూడేళ్ల నుంచే ఇలా ఉంది" అని చాలామంది అంటున్నారు. అది వట్టి భ్రమ కాదు. పెట్రోలు మారింది. 2023 నుంచి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి దేశమంతటా అదే అయింది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు 9 కిలోలు చాలు. మన కార్బురేటరులోని జెట్లు మొదటి లెక్క ప్రకారం చేసినవి. కొత్త పెట్రోలు పోస్తే అదే రంధ్రం, అదే గాలి, కాని మిశ్రమం మాత్రం కాస్త పలచనవుతుంది. పైగా ఇథనాలు ఆవిరి కావడానికి పెట్రోలుకంటె రెండింతలకు మించి వేడి కావాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో కంప్యూటరు ఈ తేడాను చాలావరకు సరిదిద్దుకుంటుంది. కార్బురేటరుకు మెదడు లేదు, దానికి మనమే స్క్రూ తిప్పి చెప్పాలి.

ఇథనాలుకు ఇంకో గుణం ఉంది, నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో సగం ట్యాంకుతో రెండు మూడు నెలలు నిలబెట్టిన బండిలో నీరు, ఇథనాలు కలిసి అడుగుకు చేరుతాయి. పెట్రోలు ట్యాపు ఉన్నదీ అడుగునే. పొద్దున్నే ఇంజనుకు మొదట అందేది ఆ నీళ్లే. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా ఈ పెట్రోలుకు తొందరగా ఉబ్బి పగుళ్లు వేస్తాయి. ఆరేళ్లు దాటిన పెట్రోలు గొట్టాన్ని మార్చేయండి. దాని ఖరీదెంత!

2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 నిబంధన వచ్చాక కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. దాని ముందు కొన్నవాటిలో ఎక్కువ భాగం కార్బురేటరు బళ్లే. 2019లో కొన్న బండి రిజిస్ట్రేషన్ 2034 దాకా ఉంటుంది, ఆ తర్వాత పరీక్ష చేయించి మరో అయిదేళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. కాబట్టి ఈ విద్య ఇంకా చాలాకాలం మనకు పనికొస్తుంది. కుర్ర మెకానిక్కులు మాత్రం ఇప్పుడు కార్బురేటరు మీద చెయ్యి పెట్టడానికే వెనకాడుతున్నారు. వారి తప్పు కాదు, వారు నేర్చుకున్న బళ్లలో అది లేదు.

లోపం వెతకడానికి వరస ముఖ్యం. ఇంజను లేవాలంటే పెట్రోలు, నిప్పు, ఒత్తిడి ఈ మూడూ కావాలి. మన వాళ్లు నాలుగోది, అంటే స్క్రూ తిప్పడం, ముందు మొదలుపెడతారు. అది చివర చేయవలసిన పని.

పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే, ట్యాపు తెరిచి, చోక్ వేసి, తాళం వెయ్యకుండా రెండుమూడు సార్లు మెల్లగా కిక్కు తిప్పండి. తర్వాత తాళం వేసి మూడు కిక్కులు కొట్టండి. లేవకపోతే ప్లగ్గు విప్పి చూడండి. ఆ ప్లగ్గు డాక్టరు చూసే నాలుక లాంటిది. పొడిగా ఉంటే లోపలికి పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, నిప్పు లేదు, లేదా మరీ ఎక్కువై ముంచేసింది. ఎన్నాళ్లుగానో వాడుతున్న ప్లగ్గు రంగు కూడా చూడండి. ఇటుక రంగులో, లేత గోధుమరంగులో ఉంటే మంచిది. మసిలాగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మిశ్రమం పలచన. ఇది చలిలో స్టార్టు కాకపోవడానికి, వేసవిలో ఇంజను కాలడానికి కూడా కారణమే.

ప్లగ్గు పొడిగా ఉందనుకుందాం. కార్బురేటరు కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని కింద చిన్న గాజు సీసా పట్టి కొద్దిగా వదలండి. దగ్గర్లో బీడీ, దీపం, అగరుబత్తి ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు. పెట్రోలు ధారగా వస్తే ట్యాంకు, ట్యాపు, గొట్టం బాగున్నట్టు. చుక్కలు చుక్కలుగా వస్తే ట్యాపు జల్లెడో, ట్యాంకు మూతలోని గాలి రంధ్రమో మూసుకుపోయింది. సీసా అడుగున నీటి ముత్యాలు కనిపిస్తే అసలు దొంగ దొరికినట్టే. పెట్రోలు బాగా వస్తూ ప్లగ్గు పొడిగా ఉంటే చోకును, పైలట్ జెట్టును అనుమానించాలి.

మన సభ్యులొకరి బండి సంగతి చెబుతాను. వారు ఇక్కడికి దగ్గర్లో ప్రకాశ్ నగర్ వైపు అపార్టుమెంటులో ఉంటారు. వంద సీసీ నాలుగు స్ట్రోకుల బండి. రోజూ పొద్దున్న పదిహేను కిక్కులు. మెకానిక్కు దగ్గరికి మూడుసార్లు వెళ్లారు. మొదటిసారి ప్లగ్గు మార్చారు, రెండోసారి కార్బురేటరు విప్పి కిట్టు వేశారు, మూడోసారి కార్బురేటరే కొత్తది వేశారు. ప్రతిసారీ అక్కడ ఒక్క కిక్కుకే లేచేది, మర్నాడు పొద్దున్న మళ్లీ అదే కథ. పెన్షను డబ్బు, ఊరికే రాదు కదా. నేను వారితో ఒక్కటే చెప్పాను, "రేపు బండిని ఎవరూ ముట్టుకోకండి, ఆరున్నరకు నేనొస్తాను" అని. వెళ్లి ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. డ్రెయిన్ విప్పితే పెట్రోలు ధారగా వచ్చింది. అప్పుడు హ్యాండిలు దగ్గర చోక్ లివరు లాగమని చెప్పి నేను వంగి కార్బురేటరు దగ్గర చూశాను. పైన లివరు పూర్తిగా వస్తోంది, కింద పలక సగమే కదులుతోంది. కేబులు సాగిపోయింది. కార్బురేటరు మార్చారు గాని పాత కేబులే తగిలించారు. కొత్త కేబులు వేశాక రెండో కిక్కుకు లేచింది.

ఆ మెకానిక్కు చేతకానివాడు కాడు. వారు బండి తీసుకువెళ్లింది పదకొండు గంటలకు, ఎండలో, వేడెక్కిన ఇంజనుతో. వేడి ఇంజనుకు చోకే అక్కర్లేదు, లోపం ఎలా కనబడుతుంది? అందుకని నా సలహా, పొద్దున్నే మొరాయించే బండిని సాయంత్రమే మెకానిక్కు దగ్గర వదిలి రండి. రాత్రంతా అక్కడే చల్లారనివ్వండి. పొద్దున షాపు తెరవగానే ఆయన చేతనే మొదటి కిక్కు కొట్టించండి. ఇంకో మాట, ఆయనకు మందు పేరు చెప్పకండి, జబ్బు చెప్పండి. "కార్బురేటరు సర్వీసు చెయ్యి" అంటే ఆయన అదే చేసి డబ్బు తీసుకుంటాడు. "రాత్రి నిలబెడితే పొద్దున లేవదు, లేచాక పికప్ బాగుంటుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది" అని ఉన్నదున్నట్టు చెబితే ఆయన ఆలోచిస్తాడు. మార్చిన పాత సామాను మీ చేతికివ్వమనండి.

ప్లగ్గు తడిగా ఉంటే నిప్పు సంగతి చూడాలి. ముందు కిల్ స్విచ్ చూడండి. నవ్వకండి, మనవలు బండి ఎక్కి ఆడుకున్న మర్నాడు చాలా బళ్లు చెడిపోతాయి! తర్వాత ప్లగ్గు మూతి సందు. చాలా వంద సీసీ బళ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి వాడితే అది అరిగి మిల్లీమీటరు దాటుతుంది. అప్పుడు వేడి ఇంజనులో నిప్పు దూకుతుంది గాని చల్లటి తడి ఇంజనులో దూకదు. పాయింట్లున్న పాత బళ్లలో ఆ పాయింట్ల మొహాలు గుంటలు పడతాయి, వాటి సందు ఆ బండి పుస్తకంలో ఉన్నట్టు పెట్టించుకోవాలి. ప్లగ్గును పదిసార్లు రుద్ది వేసుకోవడంకంటె కొత్తది వేసుకోవడం మేలు. ఇక్కడ పొదుపు చెయ్యకండి.

పెట్రోలూ ఉంది, నిప్పూ ఉంది, అయినా లేవదు. అప్పుడు ఒత్తిడి. నాలుగు స్ట్రోకుల బళ్లలో వాల్వు సందు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. హీరో హోండా వంద సీసీలో అది చల్లటి ఇంజనుకు 0.05 మిల్లీమీటర్లు, సుమారు సన్న కాగితమంత. అది పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోక ఒత్తిడి కారిపోతుంది. సరిచేయడం అరగంట పని, చాలామంది మెకానిక్కులు అడిగితేగాని చెయ్యరు. సందు సరిగానే ఉండి కూడా కిక్కు అడ్డు లేకుండా జారిపోతుంటే రింగులో, బోరో అరిగింది. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆ స్థితిలో పిల్లల మాట వినడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

ఇవన్నీ చూసుకున్నాకనే ట్యూనింగు. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరుకంటె సన్నం. స్టార్టు చేసేటప్పుడు, స్లోలో నడిచేటప్పుడు ఇంజను బతికేది ఆ రంధ్రం మీదనే. అందులో పెట్రోలు ఎండి జిగురు పట్టిందంటే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. క్లీనింగు ద్రవం కొట్టి గాలితో ఊదించాలి. గుండుసూది, ఉక్కు తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తటిది, రంధ్రం పెద్దదైతే మళ్లీ సరికాదు. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చే మన సభ్యులకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. వెళ్లే ముందు ట్యాపు మూసి, ఇంజను తానే ఆగిపోయేదాకా నడిపి, మిగిలింది డ్రెయిన్ స్క్రూ విప్పి తీసేసి, బ్యాటరీ తీగ ఊడదీసి వెళ్లండి.

ట్యూనింగు ఎప్పుడూ వేడి ఇంజను మీదనే చెయ్యాలి. ఊళ్లో పది నిమిషాలు తిరిగి రండి, చోక్ పూర్తిగా తీసేయండి. కార్బురేటరుకు రెండు స్క్రూలుంటాయి. ఒకటి ఎక్సిలేటరును కాస్త ఎత్తి పట్టేది, అంటే స్లో పెంచేది తగ్గించేది. రెండోది మిశ్రమాన్ని మార్చేది. ఈ రెండోది ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే సాధారణంగా గాలి స్క్రూ, లోపలికి బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, లోపలికి బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియక ఒకరి సలహా ఇంకొకరు విని తలకిందులుగా తిప్పుకున్న బళ్లు నేను చాలా చూశాను.

ముందు ఇంజను ఆపి ఆ స్క్రూను మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఎంత చెడినా మళ్లీ అక్కడికే రావచ్చు. గట్టిగా బిగిస్తే మొన విరిగి లోపలే ఉండిపోతుంది, కాబట్టి తగిలీ తగలకుండా ఆపాలి. తర్వాత చుట్టున్నర వెనక్కు విప్పి ఇంజను స్టార్టు చెయ్యండి. స్లో కొంచెం ఎక్కువ పెట్టి, మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున ఇటూ అటూ తిప్పుతూ చెవి పెట్టి వినండి. ఒకచోట ఇంజను అన్నిటికంటె వేగంగా, తడబాటు లేకుండా తిరుగుతుంది. అక్కడ ఆగి స్లో స్క్రూతో వేగం తగ్గించండి, మళ్లీ మిశ్రమం స్క్రూ సరిచూడండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే కుదురుతుంది. ఈ కొత్త పెట్రోలుకు, ఆ మంచి స్థానం నుంచి పెట్రోలు పెరిగే వైపు ఎనిమిదో వంతు చుట్టు అదనంగా ఇవ్వడం నా అలవాటు. ఎంత తిప్పినా ఏ తేడా రాకపోతే పైలట్ జెట్టు మూసుకుందని అర్థం. స్లో తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటే కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు పగిలి దొంగగాలి పోతోందేమో చూడాలి.

పికప్ దగ్గర ముక్కుతుంటే దానికి లోపలి పిన్ను క్లిప్పు ఒక గాడి కిందికి మార్చాలి, అప్పుడు పిన్ను పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఆ పని మాత్రం మెకానిక్కుకే వదిలేయండి. మెయిన్ జెట్టు జోలికి అసలు పోకండి, మనమెవరమూ ఫుల్ రేస్‌లో వెళ్లే వయసులో లేము.

ఒక్క విషయం మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మన అపార్టుమెంట్లలో బళ్లు సెల్లారులో ఉంటాయి. చలికాలం పొద్దున చోక్ వేసి బండిని అక్కడే పది నిమిషాలు వేడెక్కనివ్వడం కొందరికి అలవాటు. చోక్ వేసినప్పుడు పెట్రోలు సగం సగమే కాలుతుంది, కార్బన్ మోనాక్సైడు బాగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సెల్లారులోనే వాచ్‌మన్ కుటుంబం, పసిపిల్లలతో నిద్రపోతూ ఉంటుంది. బండిని బయటకు తోసి స్టార్టు చెయ్యండి. తొయ్యలేకపోతే వాచ్‌మన్ సాయం అడగండి, ఆయనా సంతోషంగా తోస్తాడు. ఒకటి రెండు నిమిషాలు చాలు, చోక్ సగం తీసి మెల్లగా బయలుదేరవచ్చు. మొదటి కిలోమీటరు అయ్యేలోగా చోక్ పూర్తిగా తీసేయాలి. మరచిపోతే ప్లగ్గు నల్లబడుతుంది, ఇంజనాయిలులో పెట్రోలు కలుస్తుంది.

గుండె ఆపరేషను అయినవారు, మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవారు దయచేసి కిక్కు జోలికి పోవద్దు. సెల్ఫ్ స్టార్టు ఉన్న బండి చూసుకోండి, బ్యాటరీ చలికాలానికి ముందే పరీక్ష చేయించండి. నెట్టి స్టార్టు చేయడం కూడా మన వయసుకు వద్దు.

భోజనాలు సిద్ధమైనట్టు కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. నిన్న సాయంత్రమే ముగ్గురు సభ్యులను తమ బళ్లు ఇక్కడే వదిలి వెళ్లమన్నాను. అవి ఆవరణలో చెట్టు కింద, రాత్రి నుంచి ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. ప్లగ్ స్పానరు, గాజు సీసా తెచ్చాను. నీడలోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ ఆత్రపడి కిక్కు కొట్టకుండా ఉంటే భోజనాల తర్వాత ముందుగా బుల్లెట్టుతో మొదలుపెడదాం. ఆడవాళ్లు కూడా రండి, స్కూటీలున్నవారి ప్రశ్నలు అక్కడే చూద్దాం.